కుర్చీల మీద స్వెట్టర్లు

నేను ఇంతకు ముందు ఏం రాయలే. కిరాణం సామాన్లు కాయితం ముక్క మీద రాసుకున్న, గంతే. నాలుగో తరగతి అయినంక మా నాయిన బడి మాన్పిచ్చిండు. గందుకే ఏడికెల్లి మొదలువెట్టాల్నో తెల్వక మస్తుసార్లు రాసి చింపిన. ఇగ నేను పనిచేసే జాగ కాడికెల్లే మొదలువెడుత.

అశోక్ నగర్ల ఒక గల్లీల జిరాక్స్ దుకాణం మీద రీడింగ్ రూం ఉన్నది. సర్కారు నౌకరి పరీక్షలకు చదివేటోళ్లు ఆడ ఒక కుర్చి, ఒక బల్ల, ఒక చిన్న లైటు కిరాయికి తీసుకొని పొద్దంత కూసుంటరు. ఎక్కువమంది ఊర్లకెల్లి వచ్చి పక్క గల్లీలల్ల హాస్టళ్లల్ల ఉండేటోళ్లే. నేను ఊడుస్త, తుడుస్త, నీళ్ల క్యాన్లు దించుకుంట, చాయ్ పెడుత. మా ఇల్లు ముషీరాబాద్ల. పొద్దుగాల నడుసుకుంట వచ్చి తాళం తీసేది నేనే. అందరు నన్ను అక్క అంటరు. వాళ్లల్ల సగంమందికి నేను అమ్మ వయసుదాన్ని, అయినా అక్కనే.

ముందుగాల హాల్ల కెమెరా లేకుండె. ఒకసారి ఎవరిదో చార్జరు పోయింది, ఇంకోసారి ఇంకెవరిదో కొత్త పుస్తకం పోయింది. కెమెరా పెట్టిస్త అన్నడు ఓనర్ సారు. పిల్లలు సప్పట్లు కొట్టిండ్రు. బిగించెటానికి వచ్చినాయన ఎక్కితె స్టూలు కదలకుంట నేనే పట్టుకున్న, దిగినంక చాయ్ ఇచ్చిన. కెమెరాల ఏం పడ్తుందో చూపిచ్చే టీవీని నా పొయ్యి పక్కన గోడకు పెట్టిండ్రు. సారు దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టిండు. కొబ్బరి ముక్కలు అందరికి పంచిన.

తర్వాత సారు పిల్లల ఇండ్లల్లోళ్లకు గూడ ఆ కెమెరా ఫోన్ల కనవడేటట్టు పెట్టిచ్చిండు. కొత్తగ చేర్పించెటానికి ఎవరన్న వస్తె గదే ముందుగాల చెప్తడు, మీ పిల్ల ఈడ చదువుతది గని మీ చేతిలనే ఉంటది అని. ఊర్లల్ల నాయినలు మస్తు సంబురపడ్డరు. కొందరు చుట్టాలకు గూడ చూపిచ్చిండ్రట.

ఇగ స్వెట్టర్ల సంగతి. హాల్ల ఏసీ ఒకటే చల్లగ కొడ్తది. ఎండకాలం గూడ అందరు స్వెట్టర్లు తెచ్చుకుంటరు. స్వెట్టరుకు ఇంకో పని గూడ ఉన్నది. టీవీల కుర్చి ఖాళీగ కనవడితె సారు ఆ పూటకు ఇంకొకలను కూసోవెడ్తడు. గందుకని టిఫిన్కో, గదికో పొయ్యేటోళ్లు కుర్చికి స్వెట్టరు తొడిగి, దాని టోపిల ఒక లావు పుస్తకం కుక్కి, బల్ల మీదికి వంచి, లైటు అట్లనే ఉంచి పోతరు. ఇది ఆడి రివాజు. స్వెట్టరు ఉన్న కుర్చిని ఎవ్వలు ముట్టరు. నిద్రవొయ్యే మనిషినన్న లేపుతరు గని స్వెట్టరును లేపరు. నేను గూడ బట్ట పెట్టుకుంట పోయి "కాళ్లు జర మీదికి తీయి బిడ్డా" అని స్వెట్టరుతోని మాట్లాడిన రోజులున్నయి.

హాల్ల ఒక పిల్ల ఉండె. పిల్ల అంటున్న గని ముప్పైకి దగ్గరవడ్డది. జనగాం దిక్కు ఊరు. ఏండ్లకేండ్లు చదివి చదివి పోయిన పరీక్షల పాసయ్యింది. సర్టిఫికెట్లు చూసుడు గూడ అయిపోయింది. ఇగ పోలీసోళ్లు వచ్చి ఈమె మీద ఏం కేసులు లేవని రాసిస్తె ఆర్డరు చేతికొస్తది. కేసుంటె రాదు. గంతే సంగతి. ఆర్డరు వచ్చేదాంక ఆమె రోడ్డు దాటుడు గూడ భయపడుకుంటనే దాటుతుండె. నౌకరి వచ్చినట్టే కద, ఇంకా హాల్కు ఎందుకు వస్తున్నవే అని అడిగిన. హాస్టల్ల వట్టిగ కూసుంటె గుండె దడదడ అంటదన్నది. ఇంట్ల మాత్రం ఇంకా పెద్ద పరీక్షకు చదువుతున్న అని చెప్పింది.

ఆమెకు ఒక అన్న, ఊర్లె ఎరువుల దుకాణం నడుపుతడు. గిరాకి లేనప్పుడు ఫోన్ల చెల్లెను చూస్తడు. ఇంతసేపాయె, పేజి తిప్పుతలేవేంది అని ఫోన్ చేస్తుండె. ఒకసారి మెడ ఒక్క దిక్కే వంచుతున్నవ్, నొస్తుందా అని అడిగిండట. ప్రేమతోనే అడిగిండు. ఆమె గూడ ప్రేమనే అక్కా అన్నది. గా మాట అని, తెల్లారికెల్లి పుస్తకం పట్టుకొని నా మూలకు వచ్చి కూసునుడు మొదలువెట్టింది. అన్న ఫోన్ చేస్తె చాయ్ తాగెటానికి లేసిన అంటుండె.

నా మూల అంటె నీళ్ల ఫిల్టరు ఎనక, పొయ్యి పక్కన. కెమెరా ఆ మూలకు చూడది. టీవీ మాత్రం ఆ మూలనే ఉన్నది.

ఆడ కూసుంటె ఆమె చదివేది పరీక్ష పుస్తకం కాదు. సుల్తాన్ బజార్ల రోడ్డు మీద పాత పుస్తకాలు పరుసుకొని అమ్మేటాయన దగ్గర కొన్న నవల. అట్ట లేదు, పేరు లేదు, రాసినాయన ఎవరో తెల్వది. నాకు గూడ వినిపియ్యమన్న. ఆమె గొంతు తగ్గిచ్చి చదువుతుండె, నేను చాయ్ కలుపుకుంట, ఇంటికి కావల్సిన చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట వింటుంటి.

కథల ఒక పట్నం. సర్కారోళ్లు వచ్చి, మీ తలుపులకు చెదలు పట్టింది, మందు కొట్టి తెచ్చిస్తమని అందరిండ్ల తలుపులు ఊడగొట్టి పట్టుకపోతరు. మళ్ల తెచ్చియ్యరు. తలుపు జాగల తలా ఒక పరదా ఇస్తరు, అందరికి ఒకటే రంగు. ఆ పరదా మోకాళ్ల దాంకనే ఉంటది. పొద్దుగూకినంక ఒక ఆఫీసరు గల్లీ గల్లీ తిరుగుకుంట పరదాల కింద కాళ్లు లెక్కవెడ్తడు. కాళ్లు ఎక్కువుంటె ఆ ఇంట్ల ఏదో మీటింగ్ అయితున్నట్టు. తక్కువుంటె ఇంట్లోళ్లు ఏడికో మీటింగ్కు పోయినట్టు. ఎట్లున్నా శిక్షనే.

నాకేం భయం కాలే. మా అత్తగారింట్ల గట్లనే ఉండె, తలుపేసుకుంటె ఎందుకేసుకున్నవ్ అని అడుగుతుండె మా అత్త. గదే చెప్పిన. ఆమె నవ్వలే. అత్త జైల్ల ఎయ్యది కదక్కా అన్నది. మా అత్తను నువ్వు చూడలే అన్న.

ఇసొంటియి ఎందుకు రాస్తరే అని అడిగిన. ముందుముందు ఇట్ల కావద్దని రాస్తరక్కా అన్నది. తుఫాన్ వస్తుందని రేడియోల చెప్పినట్టు, ముందే చెప్పి పెడ్తరట. చెప్తె జనం జాగ్రత్తగ ఉంటరట. మరి సర్కారోళ్లు గూడ చదువుకున్నోళ్లే కద, గీ పుస్తకం వాళ్లకు దొరికితె వాళ్లకు తెలివి రాదా అన్న. ఆమె పేజిల ఏలు పెట్టి పుస్తకం మూసింది. గది రాసినాయన ఆలోచించిండో లేదో అన్నది.

నాకు ఇంకొకటి గూడ అనిపిచ్చింది. కథల తలుపులు ఊడగొడ్తుంటె జనం ఏడుస్తరు. ఒక ముసలాయన తలుపు పట్టుకొని ఏలాడుతడు, ఆయనను గూడ తలుపుతోనే బండిల ఏస్తరు. మా హాల్ల ఎవ్వలు ఏడ్వలే. కొబ్బరి ముక్కలు తిన్నం. చార్జరు పోవద్దు అనుకున్నం గని ఇంకేం అనుకోలే. అట్ల గూడ తలుపులు పోతయని ఆ పుస్తకంల లేదు. రాసినాయనకు తట్టలేదేమో.

ఇగ ఆ రోజు సంగతి. పరీక్ష తారీకు మళ్ల జరిపిండ్రు. ఎన్నోసారి జరిపిండ్రో పిల్లలకే యాది లేదు. తారీకు చెప్పేదాంక లెవ్వమని చిక్కడపల్లి పొయ్యే రోడ్డు మీద కూసునుడే అని అందరు అనుకున్నరు. మా హాల్ల ఉన్నోళ్లు గూడ పొద్దుగూకేయాల్ల లేసిండ్రు. లేసి, రోజు చేసినట్టే కుర్చీలకు స్వెట్టర్లు తొడిగిండ్రు, లైట్లు ఉంచిండ్రు. ధర్నాకు పోయినా సీటు సీటే కద. ఆ పని ఇంకేం ఆలోచన పెట్టుకొని చెయ్యలే.

ఆమె లెవ్వలే. గప్పుడు సిద్దిపేట దిక్కు పిలగాడు ఒకడు, నోరు జర ఎక్కువ వానికి, నిలవడి ఎక్కిరిచ్చిండు.

"నీకేందక్కా, నీకొచ్చింది. మేం రోడ్డు మీద కూసుంటం, నువ్వు ఏసీల కూసో."

ఎనకకెల్లి ఇంకొకడు అందుకున్నడు. "ఏ, మేడం గారిని సతాయించకుర్రి. రేపు మన ఫైలు మీద సంతకం ఆమెనే పెట్టాలె."

ఆమె సామాను మొత్తం సదురుకొని నా మూలకు వచ్చింది. బయటికి పోతలేదు గన్క కుర్చికి ఏం తొడగలే. స్వెట్టరు ఒంటి మీదనే ఉండె.

టీవీల చూస్తె హాలు నిండుగ ఉన్నది. లైట్లు ఎలుగుతున్నయి, అందరు బల్లల మీదికి వంగి మస్తు శ్రద్ధగ చదువుతున్నరు. ఎవ్వలు ఫోన్ చూస్తలేరు, పక్కోనితోని ముచ్చట వెడ్తలేరు. నిజానికి హాల్ల ఉన్నది మేమిద్దరమే. మేమే టీవీల లేము.

ఆ పొద్దు ఆమె చదివిన భాగంల తలుపులు చేసే వడ్లాయన ఒకడు వచ్చిండు. తలుపులే లేవాయె, ఆయనకు పని లేదు. కూసోని కూసోని కట్టెతోని కాళ్లు చెక్కుతడు. మనుషుల కాళ్లే, ఏళ్లు, గోర్లతోని సహా. జనం పరదా కింద ఆ కట్టె కాళ్లు పెట్టి, ఎనక గోడ దుంకి బయట తిరిగొస్తరు. ఆఫీసరుకు లెక్క సరిపోతది. ఆ భాగం నాకు మంచిగనిపిచ్చి మళ్ల చదివిచ్చుకుంటుంటి. గంతల చాయ్ పొంగింది, లేసి పోయిన.

రోడ్డు మీద కూసున్నోళ్లను పోలీసోళ్లు లేపిండ్రు. కొందరిని బండ్లల్ల ఎక్కిచ్చుకపోయిండ్రు, మిగితావోళ్లు గల్లీలల్ల పడి ఉర్కిండ్రు, మా హాలోళ్లంత గట్ల ఉర్కినోళ్లే. తెల్లారి హాస్టళ్లకు, రీడింగ్ రూంలకు స్టేషన్ కెల్లి మాటొచ్చింది, నిన్న పొద్దుగూకినప్పుడు ఎవరెవరు లేరో చెప్పుర్రి అని. మనుషులను అడుగుడెందుకు, మా దగ్గర కెమెరా ఉన్నది, వచ్చి చూసుకోర్రి అన్నడు మా సారు. ఆయన చెడ్డోడు కాదు. పెట్టిచ్చిన సామాను పనికొస్తుందని సంబురం.

ఒక కానిస్టేబుల్ వచ్చిండు. పెద్ద మనిషి, మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కి వచ్చి జరసేపు కూసున్నడు. చాయ్ ఇచ్చిన. నా మూలల నిలవడి టీవీల నిన్నటిది ఏపిచ్చుకొని, ఏలు పెట్టి ఒక్కొక్క కుర్చి చూసుకుంట పోయిండు. కుర్చి ఎనక నంబర్లుంటయి. అందరు ఉన్నరు. ఒక్క కుర్చి ఖాళీ. అది ఆమెది.

సారు మొఖం ఎలిగింది. అంత పెద్ద హాల్ల ఒక్కతే పోయిందంటె క్రమశిక్షణ ఎట్లుందో చూడుర్రి అన్నడు. కానిస్టేబుల్ గూడ అవునన్నడు. ఆమె పేరు, ఊరు రాసుకున్నడు. మర్నాడు స్టేషన్కు రమ్మన్నడు.

ఆ పిల్ల నా కాడనే ఉండె అని సారుకు చెప్పిన. సారు నన్ను చూసిండు, టీవీని చూసిండు. "టీవీల లేదు కదమ్మా" అన్నడు.

ఆమె ఫిల్టరుకు ఆనుకొని నిలవడ్డది. గ్లాసుల నీళ్లు పట్టుకున్నది గని తాగలే. "కేసు రాస్తె అయిపోయిందక్కా. ఇన్నేండ్లు చదివింది ఆడికే అయిపోయింది" అన్నది. ఏడ్వలే. ఏడిస్తె నాకు జర నిమ్మలంగ ఉండు.

సంగతి తెలిసి ఒక్కొక్కలు మూలకు వచ్చిండ్రు. ముందుగాల వచ్చింది ఆ సిద్దిపేట పిలగాడే. మేం పోయి చెప్తం, కుర్చీల మీద ఉన్నయి స్వెట్టర్లే అని చెప్తం, మేం పోయినం నువ్వు పోలే అని చెప్తం అన్నడు. అంటున్నడు గని మొఖంల నెత్తురు లేదు. వాడు గూడ ఏదో పరీక్ష రాసి రిజల్టు కోసం చూస్తున్నడు.

"మీరు చెప్తె మీకందరికి కేసు, నాకు నౌకరి" అన్నది ఆమె. "గసొంటి నౌకరిల నేను పొద్దుగాల లేసి ఎట్ల కూసుంటరా."

వాడు తల దించుకొని నిలవడ్డడు. చాయ్ తాగుతవారా అని అడిగిన. వద్దన్నడు.

మర్నాడు ఆమెతోని నేను గూడ స్టేషన్కు పోయిన. తొవ్వల మాట్లాడుకున్నం. అబద్ధం ఆడద్దు. స్వెట్టర్ల మాట తియ్యద్దు. ఈ రెండు ఒక్కదగ్గర ఎట్ల పెట్టాల్నో నాకు సమజ్ కాలే గని సరే అన్న. స్టేషన్ లోపలికి పోవుడు నాకు గదే మొదటిసారి.

ఎస్సై సారు మాకంటె చిన్నోడు. నిద్ర లేనట్టున్నడు. ఆ టైంల ఈమె ఏం చేస్తుందని అడిగిండు. నాకు కథ చదివి వినిపిస్తుంది సార్ అన్న. నీకా అన్నడు. నాకే సార్ అన్న.

"ఏం కథ?"

ఈ మాట అడుగుతడని మేం అనుకోలే. చెప్పకుంటె నమ్మడు, గందుకని చెప్పుడు మొదలువెట్టిన. చెదలు, తలుపులు, ఒకటే రంగు పరదాలు, మోకాళ్ల కింద కాళ్లు లెక్కవెట్టే ఆఫీసరు. నాకు కథ చెప్పుడు అలవాటే, మా పిల్లలకు చెప్పిన. ఎస్సై సారు చేతిల ఫోన్ పక్కకు పెట్టిండు. మా హాల్కు వచ్చిన కానిస్టేబుల్ తలుపు కాడికి వచ్చి నిలవడ్డడు.

మరి ఆ తలుపులన్నీ ఏం చేశారు అని అడిగిండు ఎస్సై సారు. పుస్తకంల రాయలేదు సార్ అన్న. వేలం ఏసుంటరు సార్, అన్నడు కానిస్టేబుల్.

"తర్వాత?"

తర్వాత వడ్లాయన. వడ్లాయన నా నాలుక మీదికి వచ్చి నిలవడ్డడు. గప్పుడు తట్టింది. ఆయన చెక్కిన కట్టె కాళ్లు చెప్పిననంటె ఈ సారు తెలివిలేనోడేం కాదు, లేసి వచ్చి కుర్చీలే చూస్తడు. నేను ఆమె దిక్కు చూసిన. ఆమె కింద బండలు చూస్తుంది.

"చాయ్ పొంగింది సార్. లేసి పోయిన" అన్న.

అది నిజమే. చాయ్ పొంగింది.

సారు ఫోన్ మళ్ల చేతిలకు తీసుకున్నడు. "కెమెరాలో అందరూ ఉన్నారు. ఈ అమ్మాయి ఒక్కతే ఎందుకు లేదు?"

"కెమెరా మా మూలకు చూడది సార్. మనిషిని పంపి చూసుకోర్రి."

"మిగతా వాళ్లంతా కూర్చునే ఉన్నారా?"

"కెమెరాల కనవడ్తున్నరు కద సార్" అన్న.

ఆయన నన్ను మస్తుసేపు చూసిండు. ఆయనకు సమజయ్యిందో లేదో నాకు ఇప్పటికి తెల్వది. గంతసేపు ఎవ్వలు గోక్కోరా, ఆవలియ్యరా అని అడుగుతడేమో అనుకున్న. ఆయన అడగలే. కానిస్టేబుల్ను పిలిచి పోయి చూసి రమ్మన్నడు.

కానిస్టేబుల్ మళ్ల మెట్లన్ని ఎక్కి వచ్చి నా మూలల నిలవడ్డడు. టీవీల ఆయన లేడు. చెయ్యి లేపిండు, లేదు. టోపి తీసి ఊపిండు, అదీ లేదు. ఇద్దరం కలిసి టీవీ చూసినం. ఆయనకు జర చిన్నబుచ్చుకున్నట్టయ్యింది. ఫోన్ చేసి, "నేను లేను సార్" అన్నడు. అవతలికెల్లి ఏం చెప్పిండ్రో, సరే సార్ సరే సార్ అని ఆమె పేరు కొట్టేసిండు.

ఆ వారంలనే మా సారు మూలకు గూడ ఒక కెమెరా పెట్టిచ్చిండు. అమాయకులకు అన్యాయం కావద్దని అన్నడు. ఈసారి స్టూలు పట్టుకోమంటె నాకు నారాయణగూడ మార్కెట్ల పాలు తెచ్చే పనుందని పోయిన. వచ్చేవరకు బిగించిండ్రు. ఆమె మళ్ల ముందటి కుర్చిలకు పోయింది. నవల బంద్ అయ్యింది.

ఆర్డరు వచ్చింది, ముందే చెప్తున్న, పరేషాన్ కాకుర్రి. ఇప్పుడు ఆమె వరంగల్ దిక్కు ఆఫీసుల చేస్తుంది. గని ఆర్డరు వచ్చేముందు పోలీసోళ్లు వచ్చి రాసియ్యాలె కద, గా పనికి మళ్ల ఆ కానిస్టేబులే వచ్చిండు. ఆమె గుణం ఎట్లాంటిది, లొల్లిలల్ల తిరుగుతదా అని నన్ను అడిగిండు. బంగారం సార్ అన్న. బంగారం అని రాయరాదమ్మా, మంచిది అని రాస్త అన్నడు. రాసి, సంతకం పెట్టమన్నడు. పెట్టిన, ఒక అక్షరం గీత దాటింది. తర్వాత నా ఆధార్ అడిగిండు.

నాదెందుకు సార్ అన్న. ఆమె మంచిదని చెప్పింది ఎవలో గూడ మా దగ్గర ఉండాలె కదమ్మా అన్నడు. న్యాయమే అనిపిచ్చింది. ఇచ్చిన. ఫోన్ల దాన్ని కొట్టుకొని, ఒక ఫోటో గూడ కావాలె, గోడకు నిలవడు అన్నడు.

గోడకు నిలవడ్డ. చీపురు పక్కకు పెట్టమన్నడు, పెట్టిన. కొంగు సదురుకొమ్మన్నడు, సదురుకున్న. ఆ పక్క కొత్త కెమెరా టీవీల నేను, కానిస్టేబుల్ ఇద్దరం కనవడ్తున్నం, ఆయన నన్ను ఫోటో తీస్తున్నడు. అటు కాదు, ఇటు చూడమన్నడు. చూసిన. నవ్వద్దన్నడు.

నవ్వుతలేను సార్, నా మొఖమే గట్ల అన్న.

తీసినంక మంచిగొచ్చిందో లేదో చూసుకోమని ఫోన్ నా చేతికే ఇచ్చిండు. మంచిగనే వచ్చింది.